ధ్రువము చలించును – అచ్యుతుడు చలింపడు

కురుక్షేత్రమున అంపశయ్యపై పవ్వళించిన భీష్మ పితామహుడు వెంటనే ప్రాణములను విడువలేదు. ఇచ్ఛామరణ వరము కలవాడగుటచే ఉత్తరాయణ పుణ్యకాలమునకై వేచియుండెను. ఆ శరతల్పముపై 58 రాత్రులు గడపితినని ఆ మహనీయుడే స్వయముగా చెప్పినట్లు మహాభారతము తెలుపుచున్నది. ఆ నిరీక్షణ కాలముననే ధర్మరాజు ప్రశ్నించుటయు, భీష్ముడు సమాధానము చెప్పుటయు, మనకు శ్రీవిష్ణుసహస్రనామము లభించుటయు జరిగినవి. సూర్యుడు ఉత్తరమునకు తిరుగుటలో కొంత జాగు కలుగుటచే లోకమునకు వేయి నామములు దక్కినవని చెప్పినను తప్పు లేదు.

సూర్యుడు ఉత్తరమునకు తిరుగుట యనగా నేమి? భూమి తన చుట్టు తాను తిరుగు ఇరుసు, అనగా అక్షము, నిటారుగా లేదు. సూర్యుని చుట్టు భూమి తిరుగు మార్గతలమునకు లంబముగా నిలుపవలసిన రేఖ నుండి అది ప్రస్తుతము 23 భాగల 26 కలలు ఒరిగియున్నది. భాగ యనగా డిగ్రీ. అందు 60వ వంతు కల. కలలో 60వ వంతు వికల. ఈ ఒరుగుటయే లేనిచో ఉత్తరాయణము లేదు, దక్షిణాయనము లేదు, ఋతువుల భేదము లేదు. ధనుర్మాసపు చలి లేదు, వైశాఖపు ఎండ లేదు. మన జ్యోతిష్కులు దీనికే పరమక్రాంతి యని పేరు పెట్టిరి. ఇంటిల్లిపాదియు చేసికొను పండుగలలో పెక్కు ఈ వంపును ఆధారము చేసికొని యున్నవి.

అట్టి వంపు స్థిరమైనదా? కాదు. అందుకు చంద్రసూర్యులేకాక శుక్రుడు, గురుడు మొదలైన గ్రహములును కారణములే. ఈ మాట వినినంతనే మనలో రెండు విధములైన మనస్సులు బయలుదేరుచున్నవి. ఒకటి భయపడు మనస్సు: గ్రహములు భూమి ఇరుసునే కదలించునట, ఇక మన గతి యేమని. రెండవది వెక్కిరించు మనస్సు: ధ్రువుడే కదలునట, ఇక పురాణములు చెప్పినదెల్ల కల్లయే గదా యని. ఈ రెండును విషయమును సగము వినుట వలన పుట్టినవే. పూర్తిగా వినిన పిమ్మట భయమునకును చోటుండదు, వెక్కిరింతకును చోటుండదు.

బొంగరము – అయనచలనము

ముందుగా చంద్రసూర్యుల పని చూతము. భూమి సరియైన గోళము కాదు. తన చుట్టు తాను తిరుగుట వలన నడుము వద్ద కొంచెము ఉబ్బియున్నది. విషువద్రేఖ వద్ద భూమి వ్యాసార్ధము సుమారు 6,378 కిలోమీటర్లు. ధ్రువముల వద్ద సుమారు 6,357. ఈ 21 కిలోమీటర్ల ఉబ్బును చంద్రుడును సూర్యుడును పట్టి తమ వైపునకు లాగుచుందురు. ఒరిగియున్న ఇరుసును నిటారు చేయవలెనని వారి యత్నము. కాని తిరుగుచున్న వస్తువు అట్లు లొంగదు. బాలురు వేయు బొంగరమును చూడుడు. అది ఒరిగినను పడిపోదు. తల త్రిప్పుచు ఆకాశమున చిన్న వలయమును గీయును. భూమి యిరుసు కూడ అట్లే ఒక వలయమును గీయుచున్నది. అది పూర్తియగుటకు సుమారు 25,800 సంవత్సరములు పట్టును. సంవత్సరమునకు సుమారు 50 వికలలు మాత్రమే నడక. ఇందు మూడింట రెండు వంతులు చంద్రునిది, తక్కినది సూర్యునిది. ఈ కారణమును న్యూటన్ పండితుడు 1687లో ప్రకటించిన గ్రంథమున వివరించెను.

ఈ చలనమును గుర్తించినవారిలో గ్రీసు దేశీయుడైన హిప్పార్కస్ క్రీస్తు పూర్వము 2వ శతాబ్దివాడు. మన దేశమున క్రీస్తు శకము 6వ శతాబ్దిలో వరాహమిహిరాచార్యుడు బృహత్సంహితలో వ్రాసిన మాట మిక్కిలి గమనింపదగినది. పూర్వశాస్త్రములలో ఆశ్లేషా మధ్యమున దక్షిణాయనమును, ధనిష్ఠ మొదట ఉత్తరాయణమును చెప్పబడినవనియు, తన కాలమున కర్కటకాదిని, మకరాదిని ఆ అయనములు జరుగుచున్నవనియు ఆయన చెప్పెను. లగధుని వేదాంగ జ్యోతిషమున ఉన్నది ఆ ధనిష్ఠాది లెక్కయే. పెద్దలు చెప్పినది తప్పని వరాహమిహిరుడు అనలేదు; వారి కాలమునకు అది సరిపోయినది. నేడు మారినదని మాత్రము చెప్పెను. అంతటితో ఊరకుండక, సందేహమున్నవారు సూర్యోదయాస్తమయ బిందువులను గుర్తించియో, పెద్ద వలయము నడుమ నిలిపిన శంకువు నీడను చూచియో స్వయముగా పరీక్షించుకొనవచ్చునని కూడ తెలిపెను.

మేము చదువుకొన్న పాఠశాలలో పెరటి యందు ఒక శంకువు ఉండెడిది. పండ్రెండంగుళముల కొయ్య మేకు, దాని చుట్టు సున్నముతో గీసిన వలయము, అంతియే. మధ్యాహ్నపు నీడ దినదినమునకు ఎంత తగ్గినదో, ఎంత పెరిగినదో మా గురువుగారు పిల్లలచే కొలిపించెడివారు. ధనుర్మాసము ప్రవేశించిన ఐదారు దినములకు నీడ పెరుగుట మానును. పిదప మెల్లమెల్లగా తగ్గనారంభించును. పంచాంగములో ఉత్తరాయణ పుణ్యకాలము ఇంకను మూడు వారములకు పైగా ఉన్నదే యని పిల్లలము అడుగగా, గురువుగారు కోపగింపక, "నీడ అబద్ధమాడదు, పంచాంగము వేరొక లెక్క చెప్పుచున్నది, రెండును తెలిసికొనుడు" అనెడివారు. ఈ మాటను మరల ముందు ప్రస్తావింతును.

రాహుకేతువులు – ఇరుసు తలయూపు

బొంగరము తల త్రిప్పునపుడు సన్నగా వణకుట కూడ కలదు. భూమి యిరుసునకును అట్టిది కలదు. చంద్రుని మార్గము, సూర్యుని మార్గము ఒకదానినొకటి ఖండించు రెండు బిందువులకే మన శాస్త్రమున పాతములని పేరు, వానినే రాహుకేతువులందురు. ఆ పాతములు వెనుకకు నడచుచు సుమారు 18.6 సంవత్సరములకు ఒక ప్రదక్షిణము చేయును. ఆ లెక్కకు తగినట్లే భూమి యిరుసు వంపు సగటునకు ఇటు సుమారు 9 వికలలు, అటు 9 వికలలు ఊగుచుండును. దీనిని ఆంగ్ల జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు బ్రాడ్లీ చిరకాలము నక్షత్రములను పరిశీలించి 1748లో ప్రకటించెను. రాహుకేతువులు ఆకాశమున కనబడు పిండములు కావు, ఛాయాగ్రహములని మనవారు చెప్పుట తెలిసినదే. అట్టి కనబడని పాతముల నడక ననుసరించి భూమి తలయూపుచున్నది.

గ్రహముల పని – పళ్ళెము ఒరుగుట

ఇక అసలు విషయము: శుక్ర గురు ప్రభృతులైన గ్రహములు ఏమి చేయును? అవి నేరుగా భూమి నడుమును పట్టి లాగుట అత్యల్పము. వాని ప్రభావము వేరొక ద్వారమున వచ్చును. ఒక పళ్ళెములో బొంగరమును త్రిప్పితి రనుకొనుడు. బొంగరమును ఎవరును తాకలేదు. కాని పళ్ళెమును పట్టుకొన్న చేయి మెల్లగా ఒరిగినచో, బొంగరమునకును పళ్ళెమునకును నడుమ గల కోణము మారును గదా! భూమి సూర్యుని చుట్టు తిరుగు మార్గతలమే ఆ పళ్ళెము. దానినే క్రాంతివృత్త తలమందుము. గ్రహములన్నియు తమ తమ ఆకర్షణచే ఆ పళ్ళెమును అతి నెమ్మదిగా ఒరగించుచున్నవి. ఇందు శుక్రుడును గురుడును ముఖ్యులు. శుక్రుడు మనకు అతి సమీపమున, దగ్గరకు వచ్చినపుడు సుమారు 4 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండును. గురుడు దూరమున నున్నను బరువున భూమికి 318 రెట్లు. సామీప్యము చేత ఒకరు, గురుత్వము చేత ఒకరు. గురుడను పేరునకే బరువైనవాడను అర్థము కలదు గదా!

18వ శతాబ్ది మధ్యభాగమున ఆయిలర్ అను గణితవేత్త ఈ పనిని గణితముచే నిరూపించెను. గ్రహముల వలన పరమక్రాంతి నూరు సంవత్సరములకు సుమారు 47 వికలలు తగ్గుచున్నది. అనగా సంవత్సరమునకు అర వికల కూడ లేదు. వికల యెంతటిది? రెండు కిలోమీటర్ల దూరమున నిలిచిన మనుష్యుని చిటికెన వ్రేలి గోరు మన కంటికి ఎంత కోణముగా నుండునో, అంత. అందులో సగము ఒక ఏటి పని. అయనచలనముపై గూడ గ్రహముల చేయి కొంచెము కలదు. సంవత్సరమునకు వికలలో సుమారు పదియవ వంతు, చంద్రసూర్యులు నడిపించు దిక్కునకు వ్యతిరేకముగా. పూర్వము దీనిని గ్రహజనిత చలనమని పిలిచెడివారు. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘము ఆ పేరును మార్చి క్రాంతివృత్త చలనమనుట యుక్తమని నిర్ణయించెను. కదలునది బొంగరము కాదు, పళ్ళెము గావున ఆ పేరే సరియైనది.

ఇంత స్వల్పమైనది కంటికి కనబడునా యందురేమో. కనబడును. సూర్యుడు ఉత్తరమున చేరగల తుది హద్దు కర్కటక రేఖ. అది మన దేశమున గుజరాతు నుండి మిజోరాము వరకు సాగుచున్నది. వంపు తగ్గుచున్న కొలది ఆ రేఖ సంవత్సరమునకు సుమారు 15 మీటర్ల చొప్పున దక్షిణమునకు జరుగుచున్నది. అవంతీ దేశమున వరాహమిహిరుడు గ్రంథరచన చేసిన నాటికిని నేటికిని అది 20 కిలోమీటర్లకు పైగా జరిగినది. ఏ కాపు నాగలితో దున్నలేదు, ఏ తచ్చుడు గుంజ పాతలేదు. కోట్ల కిలోమీటర్ల దూరమున నున్న శుక్రుడును గురుడును ఆ పొలిమేర గట్టును మెల్లగా జరుపుచున్నారు.

ఈ తగ్గుదల యెల్లప్పుడును ఇట్లే సాగదు. దీర్ఘకాలమున భూమి వంపు సుమారు 22.1 భాగలకును 24.5 భాగలకును నడుమ ఊయెలవలె ఊగుచుండును. ఒక ఊపునకు సుమారు 41,000 సంవత్సరములు. ఇప్పటి ఊపులో తగ్గుదల ఇంకను ఇంచుమించు పదివేల సంవత్సరములు సాగి పిదప మరల పెరుగును. వంపు తగ్గినచో ధ్రువప్రాంతముల వేసవి చల్లబడును; శీతకాలపు మంచు కరగక నిలిచి, ఏటికేడు పేరుకొనును. ఇట్టి మార్పులే మహాహిమయుగముల రాకపోకలను నడిపించినవని సెర్బియా దేశీయుడైన మిలాంకోవిచ్ జీవితమంతయు గణించి 1941లో పెద్ద గ్రంథముగా ప్రకటించెను. ఆయన గతించిన పిమ్మట 1976లో, హిందూ మహాసముద్రపు దక్షిణభాగమున సముద్రగర్భమునుండి తీసిన బురద పొరలను శోధించిన శాస్త్రజ్ఞులు ఆ 41,000 సంవత్సరముల లయను అందు స్పష్టముగా చూచిరి. ఆకాశమున వ్రాసిన లెక్కకు సముద్రపు టడుగున సాక్ష్యము దొరకినది.

ఇచట ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. సూర్యసిద్ధాంతమున పరమక్రాంతి జ్య 1397 అని కలదు; వ్యాసార్ధము 3438 గాన అది 24 భాగలకు సరిపోవును. ఇరుసు వంపు నిజముగా 24 భాగలున్నది సుమారు 5,000 సంవత్సరముల క్రిందట గాన ఈ కొలత నాటిదేయని కొందరు వాదింతురు. అది తొందరపాటు. గణన సౌలభ్యమునకై పూర్ణసంఖ్యను గ్రహించుట ఆచార్యులకు అలవాటే. ఆర్యభటాదులును 24 భాగలనే గ్రహించిరి. అట్లే సూర్యసిద్ధాంతము అయనము 27 భాగలు ముందునకును 27 భాగలు వెనుకకును ఊగునని చెప్పినది. నేటి వేధ దానిని సమర్థింపదు. గ్రహములు భూకక్ష్యను ఒరగించునను మాట మన సిద్ధాంత గ్రంథములలో లేదు. లేనిదానిని ఉన్నదని చెప్పుట ఋషులకు గౌరవము కాదు. చూచినది చూచినట్లు చెప్పుము, సందేహమున్న పరీక్షింపుము అను వారి దారిలో నడచుటయే వారికి గౌరవము.

భయమునకు ఔషధము

గ్రహములు భూమిపై పనిచేయుచున్నవన్న సత్యమును వక్రముగా గ్రహించి జనులు భయభ్రాంతులైన సందర్భములు మన దేశముననే కలవు. 1962 ఫిబ్రవరి 3 మొదలు 5వ తేదీ వరకు మకరరాశిలో ఎనిమిది గ్రహములు కూడినపుడు ప్రళయము వచ్చునని ఊరూర భయము వ్యాపించెనని పెద్దలు చెప్పగా విని యున్నాము. యజ్ఞములు, నామసంకీర్తనలు విరివిగా జరిగినవి, ప్రళయము రాలేదు. భయముచేతనైనను నామము పలికినవారికి నామఫలము దక్కెను; అది వేరు మాట. 1974లో వెలువడిన ఒక ఆంగ్ల గ్రంథము, గ్రహములన్నియు ఒక ప్రక్కకు చేరుటచే 1982లో కాలిఫోర్నియాలో మహాభూకంపము కలుగునని చెప్పగా పాశ్చాత్యులును అట్లే కలతపడిరి. ఆ సంవత్సరము మార్చి 10వ తేదీ నిరపాయముగా గడచిపోయినది.

ఏల గడచినదో లెక్క చూతము. సముద్రమున ఆటుపోట్లను కలిగించు చంద్రుని లాగుడును ఒక ప్రమాణముగా గ్రహించినచో, శుక్రుడు అతి సమీపమునకు వచ్చినప్పటి లాగుడు అందులో పదివేలవ వంతుకు కూడ చేరదు. గురునిది లక్షవ వంతు కూడ కాదు. గ్రహములన్నియు ఒక వరుసను నిలిచినను ఆ మొత్తము అత్యల్పమే. వాని పని ఒక దినమున, ఒక రాత్రి జరుగునది కాదు. వేలకొలది సంవత్సరములు, ఒకే నియమమున, ఒక్క దినమైనను తప్పక జరుగునది. అట్టి క్రమమును చూచి భయపడవలసినది లేదు. చేతులు జోడింపవలసి యున్నది. రాత్రికి రాత్రి ఇరుసు విరుగునని చెప్పి శాంతులకు ధనమడుగువారిని నమ్మవలదు.

చందమామ

ఇందు ఇంకొక రహస్యము కలదు. గ్రహముల ప్రభావము భూమి యిరుసుపై ఇంత సూక్ష్మముగా నుండుటకు కారణమెవరు? చంద్రుడు. ఆయన లాగుడు వలన అయనచలనము వేగముగా జరుగుచున్నది గావుననే, గ్రహములు కక్ష్యలను ఒరగించు నెమ్మది లయలు దానితో శ్రుతి కలుపలేకున్నవి. శ్రుతి కలిసినచో చిన్న త్రోపులే పెద్ద ఊపులగును. ఊయెలను లయకు సరిగా త్రోసిన పసిబిడ్డయైనను పెద్దవానిని ఊపగలడు గదా! 1993లో లాస్కర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును గణించి, చంద్రుడే లేనిచో భూమి వంపు నియమము లేక సున్న మొదలు 85 భాగల వరకు మారగలదని చెప్పిరి. 2012లో జరిగిన వేరొక గణన, మార్పు అంత విపరీతముగా నుండదు గాని ఇప్పటికంటె అధికమే యగునని తేల్చినది. ఏ లెక్క తీసికొనినను చంద్రుడు మనకు ఆసరాయే.

దీనికి దృష్టాంతము అంగారకుడు. భూమిపుత్రుడని ప్రసిద్ధుడైన ఆ గ్రహమునకు రెండు ఉపగ్రహములున్నను అవి మిక్కిలి చిన్నవి. పెద్దదాని పొడవైనను 30 కిలోమీటర్లు లేదు. ఇరుసును నిలుపు శక్తి వానికి లేదు. అందుచే కుజుని వంపు ఇప్పుడు సుమారు 25 భాగలున్నను, కోట్ల సంవత్సరములలో సున్న మొదలు 60 భాగల వరకు మారుచుండునని గణితము తెలుపుచున్నది. తల్లికి దొరకిన తోడు బిడ్డకు దొరకలేదు.

క్షీరసాగర మథనమున శ్రీమహాలక్ష్మియు చంద్రుడును ఆవిర్భవించిరని మన పురాణములు చెప్పును. లక్ష్మీదేవి మనకు తల్లి, చంద్రుడు ఆమె తోబుట్టువు. గావుననే తెలుగునాట ప్రతి తల్లియు బిడ్డను చంక నెత్తుకొని ఆయనను చందమామ యని చూపును. భూదేవియు ఆ శ్రీమన్నారాయణుని దేవేరియే. శ్రీదేవి సోదరుడు భూదేవికి అండగా నిలిచి, ఆమె ఒరిగిపోకుండ కనిపెట్టుకొని యున్నాడని భక్తుడు భావించినచో శాస్త్రమునకు వచ్చిన లోపమేమి? లెక్క ఎట్లు జరుగుచున్నదో గణితము చెప్పును. అది ఎవరి దయయో హృదయము చెప్పును.

ధ్రువుని మాట

ఒక ఉపన్యాసానంతరము ఒక గృహస్థుడు లేచి మమ్ము ఇట్లడిగెను: "అయ్యా, వివాహమున వధువునకు ధ్రువ నక్షత్రమును చూపితిమి. నీవును ఇట్లే స్థిరముగా నుండుమని చెప్పితిమి. ఆ నక్షత్రమే స్థిరము కానిచో మేము పలికినదానికి విలువ యేమి? మా అమ్మాయి అడుగుచున్నది, నేనేమి చెప్పవలెను?" ఆ ప్రశ్నలో వెక్కిరింత లేదు, నిజమైన బాధ యున్నది. దానికి సమాధానము చెప్పవలసినది మనమే.

ఆయన చెప్పినది నిజమే. నేడు మనము ధ్రువమని చూపు నక్షత్రము భూమి యిరుసు చూపు చోటునకు ఒక భాగకంటె తక్కువ దూరమున నున్నది. క్రీస్తు శకము 2100 ప్రాంతమున మరింత సమీపించి, పిదప తొలగనారంభించును. క్రీస్తు పూర్వము 2800 ప్రాంతమున ఆ స్థానమున వేరొక నక్షత్రముండెను. ఇంకను సుమారు 12,000 సంవత్సరములకు అభిజిత్తు ఆ చోటునకు చేరువగును.

కాని ధ్రువుడు కదలడని మన శాస్త్రములు ఎచట చెప్పినవి? మైత్రాయణీయోపనిషత్తు చూడుడు. బృహద్రథుడను రాజు వైరాగ్యము పొంది అడవికి పోయి శాకాయన్య మునితో మొరపెట్టుకొనుచు, సముద్రములు ఎండుటను, పర్వతములు కూలుటను చెప్పి, ధ్రువుడు సైతము తన చోటునుండి చలించుటను కూడ చెప్పెను. విష్ణుపురాణమున ధ్రువుడు తాను తిరుగుచు సూర్యచంద్రాది గ్రహములను త్రిప్పుచున్నాడని యున్నది. ఆకాశమున నక్షత్రములతో నేర్పడిన శిశుమార రూపమున ధ్రువుని చోటు తోక వద్ద; ఆ శిశుమారమునకు ఆధారము జనార్దనుడు. సూర్యునకు ధ్రువుడు ఆధారము, ధ్రువునకు శిశుమారము ఆధారము, శిశుమారమునకు శ్రీహరి ఆధారము. వరుస అక్కడ ఆగినది. ధ్రువుని వద్ద ఆగలేదు. ధ్రువునకు భగవంతుడిచ్చినది కూడ ఒక కల్పకాలపు పదవి, అనంతమైనది కాదు.

శ్రీవిష్ణుసహస్రనామమున "స్థానదః" అను నామమును, దాని వెంటనే "ధ్రువః" అను నామమును కలవు. ధ్రువాదులకు వారి వారి కర్మానుసారముగా స్థానము నొసగువాడు గనుక స్థానదుడని భాష్యకారులు వివరించిరి. స్థానము పుచ్చుకొన్నవాడు ఒకనాటికి దానిని విడుచును. ఇచ్చినవాడే నిజమైన ధ్రువుడు. ఆయనకే "అచ్యుతః" అనియు నామము, అనగా తన స్థితినుండి జారనివాడు. "నక్షత్రనేమిః" అనియు ఆయననే కీర్తించితిమి, అనగా శిశుమారము నడుమ నుండి నక్షత్రచక్రమును నడుపువాడు. బొంగరము తిరుగును, పళ్ళెము ఒరుగును, ధ్రువము మారును. అన్నిటిని పట్టుకొన్న చేయి మారదు.

అట్లైన ఆ గృహస్థుని కుమార్తెకు చెప్పవలసిన దేమి? ఇదియే: "అమ్మా, ధ్రువుడు స్థిరుడగుట తన బలముచే కాదు. అయిదేండ్ల బిడ్డ భగవంతుని పట్టుకొనెను, అందుచే నిలిచెను. నీ కాపురమును అట్లే నిలుపుకొనుము. కదలు లోకమున కదలని పాదములను పట్టుకొని నిలుచుటయే ధ్రువత్వము. నీ జీవితకాలమున ఆ నక్షత్రము కంటికి తెలియునంత జరుగదు. నీ మాటయు జరుగకుండ చూచుకొనుము." ఆయనకు మేము చెప్పినదియు ఇంతియే.

సంక్రాంతి నాటి సందేహము

ఇక మా గురువుగారి శంకువు మాట. సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలుట డిసెంబరు 21 లేక 22వ తేదీన జరుగుచున్నది. మకర సంక్రమణము జనవరి 14 లేక 15. నక్షత్రములను పట్టి గణించు నిరయన పద్ధతికిని, ఋతువులను పట్టి గణించు సాయన పద్ధతికిని నడుమ అయనచలనము వలన ఏర్పడిన యెడమే ఇది. లాహిరి గణన ననుసరించి క్రీస్తు శకము 285 ప్రాంతమున రెండును ఒక్కటిగా నుండెను. నేడు సుమారు 24 భాగల అయనాంశ కలదు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము 1955లో తన నివేదికలో ఈ విషయమును విపులముగా చర్చించినది.

గృహస్థులు చేయవలసినది సులభము. పర్వములను మీ ఆచార్యులును మీ ఆలయ పంచాంగమును నిర్ణయించిన దినముననే ఆచరింపుడు. ఊరంతయు కూడి చేసిన పూజకు కలిగిన పుణ్యము వికలల లెక్కకు అందునది కాదు. కాని పిల్లలు అడిగినచో సత్యమును దాచవలదు. డిసెంబరు నెల మూడవ వారమున పెరటిలోనో మేడపైనో ఒక కొయ్యను నిలిపి, మిట్టమధ్యాహ్నపు నీడను పిల్లలచేతనే కొలిపింపుడు. సూర్యుడు మరలుటను వారు తమ కన్నులతో చూతురు. ఆ తరువాత తిరుప్పావై వినిపింపుడు. రెండును ధనుర్మాస వ్రతములే.

చివర ఒక్క మాట. అంత దూరమున నున్న శుక్రుడు భూమిపై చూపు ప్రభావము లెక్కకు రానంతటిది. కాని ఆతడు మానలేదు; కావుననే కర్కటక రేఖ జరిగినది, మంచుకొండలు పెరిగినవి, కరిగినవి. మన సేవయు అట్టిదే. ఉదయమున తులసికోట కడ పోసిన చెంబెడు నీళ్ళు, సందెవేళ పెట్టిన దీపము, నడుము వంగిన పెద్దకు చేయూతగా ఎక్కించిన నాలుగు మెట్లు, ఆకొన్నవానికి పెట్టిన గుప్పెడు మెతుకులు. ఒక దినమున చూచిన ఇవి అర వికల కూడ కావు. మానక చేసినచో జీవుని యిరుసు మెల్లగా భగవంతుని వైపు ఒరుగును. ఒరిగినట్లు మనకు తెలియదు. తెలియవలసిన పనియు లేదు. లెక్క ఉంచువాడు అచ్యుతుడు.

స్వస్తి.